నీరు – నగలు – స్త్రీధనము

మన దేశమున నగ లేని యిల్లు అరుదు; నగలను గూర్చిన తగవు లేని యిల్లు అంతకంటె అరుదు. ఎంత కొనవలెను, ఎవరికి పెట్టవలెను, ఎవరి గొలుసుకంటె ఎవరి గొలుసు బరువు అను విషయములందు మనవారు చేయు చర్చకు మేర లేదు. కాని ఆ నగ ఒంటిమీదికి వచ్చిన పిమ్మట దానికేమగునో విచారించువారు మిక్కిలి తక్కువ. ఇల్లాలు తెల్లవారి లేచినది మొదలు రాత్రి పండుకొనువఱకు నీటితోడనే మెలగును. స్నానము, వంట, అంట్లు, బట్టలు, ముంగిట కల్లాపి, దేవతార్చన – ఇన్నింటియందును గాజులు, ఉంగరము, పుస్తెలు, మెట్టెలు ఆమెతోపాటు తడియుచునే యుండును. ఈ తడివలన లోహమునకు చెఱుపు కలుగునా? కలిగినచో ఏ లోహమునకు, ఏ కారణమున? నీటిలోనికి దిగునపుడుగూడ నగను తీయరాదను ఆచారము అసలెట్లేర్పడినది? ఈ ప్రశ్నలకు రసాయనశాస్త్రము కొంతయు, చరిత్ర కొంతయు ఉత్తరము చెప్పగలవు. ఆ రెంటిని కలిపి చూచినచో మన గృహములలోని యొక న్యాయవిషయముగూడ బయటపడునని మేము తలచుచున్నాము.

బంగారమునకును నీటికిని గల చుట్టఱికము ప్రాచీనమైనది. సంస్కృతమున బంగారమునకు గల పేర్లలో జాంబూనదమనునది యొకటి. జంబూనదియందు పుట్టినదని దాని యర్థము. ఆ నది పురాణనదియే యైనను, ఆ పేరులోని అనుభవము పురాణము గాదు. కొండలలోని రాళ్ళను వానలు కడిగి తెచ్చిన యిసుకలో బంగారు రవ్వలుండును. ఇసుక నీటికంటె సుమారు రెండున్నర రెట్లు బరువు. బంగారము 19 రెట్లకు పైగా బరువు. అందుచేత ఇసుకను పళ్ళెములో నీటితో త్రిప్పినపుడు ఇసుక కొట్టుకొనిపోయి బంగారము అడుగున నిలుచును. మన నాట జలగడుగువారు చేసిన పనియు నిదియే. కంసాలి కొట్టుల ముందటి దుమ్మును, కాలువల అడుగుమట్టిని ఎత్తి కడిగి, అందులోని పొడి బంగారమును ఏఱుకొని వారు జీవించిరి. ఎన్ని వేల యేండ్లు ఏటిలో నానినను ఆ రవ్వకు రంగు మారదు. నీటివలన బంగారము చెడునేమోయను భయమునకు మొదటి యుత్తరము బంగారము పుట్టిన చోటనే కలదు.

అయితే చెడనిది పోకుండునని చెప్పుటకు వీలులేదు. నీటివలన నగకు కలుగు మొదటి హాని నాశము గాదు, జారిపోవుట. అభిజ్ఞానశాకుంతలమున దుష్యంతుడు తన పేరు చెక్కిన ఉంగరమును శకుంతల కిచ్చెను. ఆమె శచీతీర్థమున జలమునకు నమస్కరించు వేళ అది వ్రేలినుండి జారిపోయెను. చేప దానిని మ్రింగుటయు, జాలరి యా చేపను కోయగా అది బయటపడుటయు మన పాఠకు లెఱిగినదే. మహాభారతమునందలి శకుంతలోపాఖ్యానమున ఈ యుంగరమును లేదు, దుర్వాసుని శాపమును లేదు. నాటకమున శాపము కథకు వలసినది కావచ్చును. ఉంగరము జారుటకు మాత్రము శాపముతో పనిలేదు. చల్లని నీటిలో చేయి ముంచినపుడు చర్మమునందలి సన్నని రక్తనాళములు ముడుచుకొనును; వ్రేలు కొంచెము సన్నబడును; తడిసిన చర్మముమీద లోహము సులువుగా జారును. మాఘమాసమున నదీస్నానము చేయువారు దీనిని తెలిసికొనియుండుట మంచిది.

ఉంగరము నిచ్చిన రాజు కథ బౌద్ధవాఙ్మయమునందును కలదు. కట్ఠహారి జాతకమున రాజొకడు అడవిలో కట్టెలేఱుకొను స్త్రీని గూడి, ఆమెకు తన ముద్రిక నిచ్చి, ఆడుబిడ్డ పుట్టినచో దీని నమ్మి ఆ సొమ్ముతో పెంచుకొనుమనియు, మగబిడ్డ పుట్టినచో దీనితోగూడ బిడ్డను తీసికొని రమ్మనియు చెప్పెను. ఆడుబిడ్డయెడ ఆ రాజునకు గల చిన్నచూపును అట్లుంచుదము. ఈ కథలో ఉంగరము గుర్తు మాత్రమే గాదు, జీవనాధారముగూడ. శకుంతల ఉంగరము నీటిలో పోయినపుడు ఆమె సాక్ష్యము పోయినది. ఈ స్త్రీ యుంగరము పోయియున్నచో సాక్ష్యముతోపాటు అన్నముగూడ పోయియుండెడిది. స్త్రీకి నగ యెందుల కనునపుడు ఈ రెండవ ప్రయోజనమును మఱువరాదు.

కథలను విడిచి, త్రవ్వకములలో దొరకిన వస్తువులను చూతము. రోమనులు తాము జయించిన దేశములన్నింటను స్నానశాలలు కట్టిరి. చన్నీటి తొట్టి, వేన్నీటి తొట్టి, ఆవిరి గది – వీనిలో గంటలకొలది కాలము గడపుట వారికి నిత్యకృత్యము. బ్రిటను దీవిలో వేల్సు భాగమునందలి కేర్లియను అనుచోట రోమను సైనికులకొఱకు కట్టిన గొప్ప స్నానశాలయొక్క మురుగుకాలువను 20వ శతాబ్దము చివరి భాగమున త్రవ్వగా, చెక్కడపు పని గల 88 చిన్న రత్నములు దొరకినవి. ఉత్తర ఇంగ్లండునందలి కార్లైలు పట్టణమున క్రికెట్టు క్లబ్బు మైదానములో బయటపడిన మఱియొక స్నానశాల కాలువలోనుండి ఇట్టివే సుమారు 30 రాళ్ళు దొరకినట్లు 2023లో ప్రకటింపబడినది. ఇవన్నియు ఉంగరములలో పొదిగిన రాళ్ళు. దేవతల రూపములను, జంతువులను వానిమీద చెక్కించి ముద్రలుగా వాడుచుండిరి. ఆ రాళ్ళను ఉంగరమున నిలిపినది జిగురు. ఆవిరిగది వేడికిని తేమకును జిగురు మెత్తబడెను. రాయి ఊడి నీటితో కాలువలోనికి పోయెను. ఇంటికి పోయి చూచుకొన్నవానికి వ్రేలిమీద ఉంగరమున్నది, అందులో రాయి లేదు. రెండు వేల యేండ్లకు దగ్గఱగా ఆ రాళ్ళు బురదలో నిరపాయముగా నున్నవి. నీరు రాతిని చెఱుపలేదు, బంగారమును చెఱుపలేదు. రెంటిని కలిపిన జిగురునే చెఱిచినది.

అదే దేశమునందలి బాతు అను పట్టణమున వేడినీటి ఊట కలదు. రోమనుల కాలమున అది సులిస్ మినర్వా అను దేవత యొక్క తీర్థము. ఆ చోట వ్రాతగల సీసపు రేకులు సుమారు 130 దొరకినవి. పెక్కు 1979, 1980 సంవత్సరముల త్రవ్వకములలో బయటపడినవి. వస్తువులు పోగొట్టుకొన్నవారు దొంగను శపించుచు సీసపు రేకుమీద వ్రాసి, మడిచి, ఊటలో పడవేసిరి. వారిలో బాసిలియా అను స్త్రీ యొకతె. ఆమెకు పోయినది ఒక వెండి యుంగరము. దానిని ఆమె మార్సుదేవుని ఆలయమున కర్పించి, దొంగిలించినవాడు గాని, తెలిసియు చెప్పనివాడు గాని, దాసుడైనను స్వతంత్రుడైనను, నెత్తురునందును కన్నులయందును ప్రతి యవయవమునందును శపింపబడవలెనని కోరినది. ఒక చిన్న వెండి యుంగరమున కింత యాగ్రహమా యని నవ్వువారు నవ్వవచ్చును. కాని మన పల్లెలలో ముక్కుపుడక పోయినపుడు అంజనము వేయించువారిని, సోదె యడుగువారిని చూచినవారికి నవ్వు రాదు. తన సొత్తు తనదని చెప్పుకొనుటకు వేఱు మార్గము లేనప్పుడు మనుష్యులు దేవతలకు అర్జీలు పెట్టుకొందురు. అంజనమును చూచి మాత్రమే నవ్వుట సంస్కారము గాదు; అంజనముతో పని లేకుండ చేయుట సంస్కారము.

రోమనుల జిగురువంటిది మన నగలయందును కలదు. కుందనపు పనిలో రాతి వెనుక మెఱుపుకొఱకు సన్నని తగడు పెట్టుదురు. లోపల బోలుగా నున్న భాగమును లక్కతో నింపుదురు. లక్క వేడికి మెత్తబడును. రాతి యంచున సన్నని సందు పడినచో నీరు లోపలికి దిగి తగడును మచ్చపఱచును; అప్పుడు కెంపు ఎఱ్ఱదనము తగ్గి మసకవారును. రాయి మాఱినదని కంసాలిని అనుమానించుటయు, ఇంటి పనిమనిషిని అనుమానించుటయు ఇట్టి సమయములందే జరుగును. రాయి మాఱలేదు, దాని వెనుకనున్న తగడు చెడినది. కాబట్టి రాళ్ళ నగలను, ముఖ్యముగా వెనుక మూసియున్న వానిని, స్నానమునకు ముందు తీయవలెను, వేడినీటిలో నానబెట్టరాదు, మెత్తని తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, నీడలో ఆరబెట్టవలెను. ముత్యముల పేరులకు నూలు తడిసి కుళ్ళుట ముఖ్యమైన యపాయము. ముత్యము, పగడము పులుసు తగిలిన కరగు స్వభావము గలవి. చింతపండు, నిమ్మపండు వానికి విషముతో సమానము.

ఇక లోహములను వేఱువేఱుగా చూతము. 1622లో స్పెయినువారి ఓడ యొకటి, అటోచా యను పేరు గలది, బంగారమును వెండిని నింపుకొని అమెరికానుండి స్వదేశమునకు పోవుచు ఫ్లోరిడా తీరమున తుపానులో మునిగెను. దాని ముఖ్యభాగము 1985లో దొరకెను. 363 సంవత్సరములు ఉప్పునీటిలో నున్న బంగారు గొలుసులు నిన్న చేసినట్లు మెఱయుచు బయటికి వచ్చెను. వెండి నాణెములు నల్లబడి, ఒకదానికొకటి అంటుకొని గడ్డలై వచ్చెను. రెండు లోహముల స్వభావమును తెలుపుటకు ఇంతకంటె గొప్ప పరీక్ష యే పాఠశాలయందును చేయజాలము.

బంగారము గాలితోను నీటితోను కలియదు. కాని మనము ధరించునది మేలిమి కాదు. 22 క్యారెట్ల బంగారమనగా 24 పాళ్ళలో 22 పాళ్ళు బంగారము, తక్కిన 2 పాళ్ళు రాగి, వెండి మొదలైనవి. చెమటలోని ఉప్పు ఆ రాగికి తగిలి రంగును కొంచెము మందగింపజేయును. సబ్బు మడ్డి సందులలో పేరుకొని మెఱుపును కప్పును. ఇవి పైపై దోషములు. గోరువెచ్చని నీటిలో కుంకుడు రసము వేసి మెత్తని కుంచెతో కడిగిన పోవును. బరువు తగ్గుటకు కారణము మాత్రము నీరు గాదు, రాపిడి. బూడిదయు ఇసుకయు పెట్టి అంట్లు తోము చేతి గాజు దినదినమును ఆకురాయిమీద పెట్టినట్లే యరుగును. గొలుసు కొక్కెమువద్ద, ఉంగరము అడుగున, పుస్తెల కొండివద్ద ముందుగా సన్నబడుటకు కారణ మిదియే. బంగారమునకు నిజమైన శత్రువు పాదరసము. పగిలిన ఉష్ణమాపకములోని పాదరసము ఉంగరమునకు తగిలినచో బంగారము వెంటనే తెల్లబడి పెళుసగును. దానిని ఇంట నిప్పుమీద కాల్చి పోగొట్టుట ప్రమాదము. ఆ యావిరి విషము.

వెండి సంగతి వేఱు. వెండి నల్లబడినచో ఒంటివేడియనియు, దృష్టిదోషమనియు కొందఱందురు. కోడలి మెట్టెలు నల్లబడినవని గుసగుసలాడు ఇండ్లును కలవు. వెండిని నల్లబఱచునది గంధకము. గాలిలో, చెమటలో, కోడిగ్రుడ్డు వంటి పదార్థములలో నున్న గంధకము వెండితో కలిసి నల్లని పొరగా నేర్పడును. తేమ యా పనిని త్వరపఱచును. దీనికి శకునముతో సంబంధము లేదు. విభూతితో గట్టిగా తోమినపుడు ఆ నల్లని పొరతోపాటు అందు కలిసిన వెండియు పోవును. అల్యూమినియపు గిన్నెలో వేడినీరు పోసి, తినుసోడా కలిపి, వెండి వస్తువు గిన్నెకు తగులునట్లుంచినచో, గంధకము వెండిని విడిచి అల్యూమినియమువైపు పోవును; వెండి తన చోటనే మిగులును. రాళ్ళు, ముత్యములు, లక్క గల వానికి ఈ పద్ధతి పనికిరాదు. ఈత కొలనులలో సూక్ష్మజీవులను చంపుటకు కలుపు క్లోరిను వెండిని మసకబఱచును. తక్కువ వన్నె బంగారపు అతుకులను గూడ క్రమముగా బలహీనపఱచును. ఈతకు పోవు బాలబాలికల ఒంటిమీద ఏ లోహమును లేకుండుట మేలు.

రాగి, ఇత్తడి పులుసునకు లొంగును గనుక వానిని చింతపండుతో తోముట మన పెద్దలు కనిపెట్టిన మంచి పద్ధతి. బందరు దగ్గఱి చిలకలపూడి పేరు మోసిన పూతనగలకు మాత్రము ఏ తోముడును పనికిరాదు. రాగిమీదనో ఇత్తడిమీదనో పలుచని బంగారపు పూత కలదు. రుద్దినకొలది పూత పోయి లోపలిది బయటపడును. వానిని ధరించుట తక్కువతనము గాదు. అప్పుచేసి బంగారము కొనువానికంటె చిలకలపూడి గొలుసు తెచ్చువాడు బుద్ధిమంతుడు. చెమట తుడిచి, తడి తగలకుండ దాచుకొన్నచో అవి చాలకాలము మన్నును.

ఇంతవఱకు నీరు నగకు చేయు హానిని చెప్పితిమి. నీరు నగకు చేయు మేలును గూడ చెప్పవలెను. నీరు లోహమునకు పరీక్షకుడు. సిరక్యూసు రాజైన హీయరో చేయించిన బంగారు కిరీటములో వెండి కలిసినదేమో తేల్చుమని ఆర్కిమిడీసు నడిగినట్లును, ఆయన స్నానపు తొట్టిలో దిగినపుడు నీరు పొరలుట చూచి ఉపాయము కనిపెట్టినట్లును రోమను శిల్పశాస్త్రకారుడు విట్రూవియసు వ్రాసెను. ఆర్కిమిడీసు క్రీస్తుపూర్వము 212లో మరణించెను. విట్రూవియసు ఆయనకు సుమారు రెండు వందల యేండ్లు తరువాతివాడు. ఆర్కిమిడీసు గ్రంథములలో ఈ కిరీటపు ప్రసక్తి లేదు. 1586లో యువకుడైన గెలీలియో ఈ కథను విమర్శించి, పొరలిన నీటిని కొలుచుటకంటె వస్తువును నీటిలో వ్రేలాడదీసి తూచుట సూక్ష్మమైన పద్ధతియని చిన్న వ్యాసము వ్రాసెను. కథ యెట్లున్నను సూత్రము సత్యము. 100 గ్రాముల మేలిమి బంగారము సుమారు 5.2 ఘన సెంటీమీటర్ల నీటిని తొలగించును; అంతే బరువు గల వెండి 9.5, రాగి 11.2 తొలగించును. కలితీ పెరిగినకొలది తొలగు నీరు పెరుగును. లక్క నింపిన నగకును రాళ్ళ నగకును ఈ పరీక్ష చెల్లదు. టంగుస్టను అను లోహము ఇంచుమించు బంగారమంత బరువే గనుక, దానిని లోపల దాచినచో నీరుగూడ మోసపోవును. అయినను ఉన్నతపాఠశాలలో చదువు బాలికకు ఈ లెక్క నేర్పినచో ఆమె తన నగను గూర్చి అడుగవలసిన మొదటి ప్రశ్న నేర్చినదగును.

మన కౌటిల్యుడు ఈ విషయమున ఎవరికిని తీసిపోలేదు. 1909లో ఆర్. శామశాస్త్రిగారు అచ్చు వేయించిన అర్థశాస్త్రమున స్వర్ణకారుల వ్యవహారమునకు ప్రత్యేకాధ్యాయములు కలవు. తీసికొన్న బంగారమును అదే వన్నెతో అదే తూకముతో తిరిగి యీయవలెను. కాలము గడచిన తరువాత నైనను, అరుగుదల తరుగుదల దప్ప, ఇచ్చినది యిచ్చినట్లే ఉండవలెను అని ఆయన శాసించెను. అరుగుట వేఱు, అపహరించుట వేఱు అను వివేకము ఇందు స్పష్టము. పాత నగను బాగుచేయు నెపమున బంగారమును తీయు నాలుగు మార్గములను, అనగా కొట్టుట, కోయుట, గీయుట, రుద్దుట అనువానిని ఆయన పేర్కొనెను. పనివాని యెదుట కనిపెట్టి చూడవలసిన వానిలో తల, ఒడి, గుడ్డ, నూలు, ఈగను తోలుట మొదలగువానితోపాటు ఉదకశరావమును, అనగా నీటి మూకుడును, చేర్చెను. మెఱుగుపెట్టుటకు నగను ముంచు ఆ నీటి అడుగున ఏమి మిగులునో ఆయన కెఱుకయే. దీనిని చెప్పుట కంసాలులను నిందించుటకు గాదు. తరతరములుగా ఒక కుటుంబమునకు నమ్మకముగా పనిచేసిన శిల్పులు వేలకొలది కలరు. కొనువారికి జ్ఞానము లేనిచోట నిజాయతీగల పనివానికిని మోసగానికిని భేదము కనబడదు. అందువలన ముందు నష్టపడువాడు నిజాయతీగల పనివాడే.

ఇట్టి జ్ఞానము గ్రంథములలో నున్నది. నగ మాత్రము గ్రంథము చదువరాని స్త్రీల ఒంటిమీదను, పిల్లల ఒంటిమీదను ఉన్నది. దీని ఫలము ఘోరము. 1856లో ప్రకటింపబడిన వైద్యన్యాయశాస్త్ర గ్రంథమున నార్మన్ చీవర్సు అను వైద్యుడు, ఈ దేశమున నగలకొఱకు పసిపిల్లలను చంపు నేరములను గూర్చి ప్రత్యేకముగా వ్రాయవలసి వచ్చెను. ఆ పిల్లల శవములు పెక్కుసారులు నూతులలో దొరకెడివి. మురుగులు, మొలత్రాడు, కాలి కడియములు పెట్టి ఆడుకొనుటకు పంపిన బిడ్డ తిరిగి రాలేదు. ముచ్చటకొఱకు పెట్టిన సొమ్మే మృత్యువైనది. బ్యాంకులు లేని కాలమున, ఇంటి గోడకంటె ఒంటినే నమ్మిన కాలమున, కుటుంబము తన ధనమును బలహీనుల దేహములమీద నిలువచేసినది. 1882లో తపాలా పొదుపు బ్యాంకు దేశమంతట ప్రారంభమైన తరువాతగూడ ఆ యలవాటు వెంటనే పోలేదు. ఆ భయముతో నేడును జాతరలకును పుష్కరములకును పిల్లలను నగలతో తీసికొనిపోవువారిని మేము బతిమాలుకొనుచున్నాము.

బిడ్డల సంగతి యట్లుండ, పెద్ద స్త్రీలు నీటిలోనైనను నగలను ఏల తీయలేదు? మంగళకరమని అందురు. ఆ భావన నిజమే. కాని దాని వెనుక ధర్మశాస్త్రములో నొక గట్టి కారణముగూడ కనబడుచున్నది. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున, భర్త జీవించియుండగా స్త్రీ ధరించిన అలంకారమును దాయాదులు పంచుకొనరాదనియు, పంచుకొన్నవారు పతితులగుదురనియు విధి కలదు. ఇందులో ముఖ్యమైన మాట ‘ధరించిన’ అనునది. పెట్టెలోనిది కుటుంబపు సొత్తని వాదింపవచ్చును, ఒంటిమీదిది ఆమెది. భూమిలో భాగము లేని, తాళపుచెవి చేతలేని స్త్రీకి ధరించుటయే దస్తావేజు. అట్టి దస్తావేజును స్నానమునకైనను తీసి గూటిలో పెట్టుటకు ఆమెకు ధైర్యమెట్లుండును? ఇది మా యూహ. కాని మన యిండ్లలో ముసలమ్మలు గాజు తీసిన చేతిని చూచి ఉలికిపడుటకు శకునభయమొక్కటియే కారణమని మేము నమ్మజాలము.

ఈ విధియొక్క క్రూరమైన మఱుభాగమును గూడ చెప్పక తప్పదు. అనేక కుటుంబములలో స్త్రీ ఒంటినుండి నగలను నిజముగా తీసిన దినమొక్కటే. భర్త పోయిన పదియవనాడు చెఱువుగట్టుననో ఏటియొడ్డుననో ఆమె గాజులు పగులగొట్టి, పుస్తెలు తెంపిరి. జీవితమంతయు నీటిలో తీయని నగ, ఆ దినమున నీటియొడ్డుననే పోయినది. ధరించినది ఆమెదని శాస్త్రము చెప్పుచుండగా, ధరింపకుండ చేయుటద్వారా ఆ శాస్త్రమును ఆచారము వమ్ముచేసినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు జరిపించిన వితంతువివాహము ఒక బాలికకు మాంగల్యమును తిరిగి యిచ్చుటయే గాక, స్త్రీ దేహముమీదను ఆమె సొత్తుమీదను ఇతరులకు గల అధికారమును ప్రశ్నించుట యని మేము భావింతుము.

నేడు చట్టము స్పష్టముగా నున్నది. 1956 నాటి హిందూవారసత్వ చట్టము 14వ సెక్షను ప్రకారము స్త్రీ స్వాధీనమునందున్న ఆస్తికి, స్త్రీధనమునకును గూడ, ఆమె పూర్తి హక్కుదారు. 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు, స్త్రీధనము భర్తవద్దగాని అత్తవారివద్దగాని దాచబడినను అది ఆమెదేననియు, అడిగినపుడు ఈయక స్వాహాచేయుట నమ్మకద్రోహమను నేరమగుననియు తీర్పు చెప్పిరి. అనగా ఇప్పుడు నగ తనదని చూపుటకు దానిని రాత్రింబగళ్ళు ధరింపవలసిన యవసరము లేదు. ఒంటినుండి తీసినంతమాత్రమున హక్కు పోదు. కాని చట్టము పుస్తకములో నున్నంతమాత్రమున ఇంటిలో నమలుకాదు. దానికి వ్రాతయు తెలివియు కావలెను.

కావున మా విన్నపములు కొన్ని. ప్రతి కుటుంబములోను స్త్రీ తన నగల పట్టికను తన చేతితో వ్రాసికొనవలెను: పేరు, బరువు గ్రాములలో, వన్నె, ఇచ్చినవారు, ఇచ్చిన సంవత్సరము. తులము 11.66 గ్రాములని, కాసు 8 గ్రాములని తెలిసినచో పాత చీట్లలోని లెక్కలు తానే సరిచూచుకొనవచ్చును. 2021 జూను నెలనుండి దేశములోని పెక్కు జిల్లాలలో బంగారు నగలకు హాల్‌మార్కు ముద్ర తప్పనిసరి యైనది. దానితో నుండు ఆరు అక్షరాంకముల గుర్తును రసీదుతోపాటు పట్టికలో ఎక్కించుకొనవలెను. బాగుచేయుటకు ఇచ్చునపుడు తూచి యిచ్చి, తూచి తీసికొనవలెను; ఇది అపనమ్మకము గాదు, కౌటిల్యుని నాటి మర్యాద. ఏడాదికొకసారి గొలుసు కొక్కెమును, పుస్తెల కొండిని, రాళ్ళ పట్టును వెలుతురులో పరీక్షింపవలెను.

స్నానమునకును వంటకును వేళ రాళ్ళ నగలను, ముత్యములను, పూతనగలను తీసిపెట్టుట శ్రేయస్కరము. నదిలోనికి దిగువారు ఉంగరములను తీసి ఇంటనే విడిచి పోవలెను. ఒడ్డున మూటగట్టి పెట్టుట దొంగను పిలుచుటయే. ఉంగరము క్రిందను గాజుల క్రిందను తడి నిలిచినచో చర్మము ఒఱిసి మంట పుట్టును. చేయి బాగుగా తుడుచుకొన్న పిమ్మటనే తిరిగి తొడుగుకొనవలెను. పూతనగలలోని నికెలు కొందఱి ఒంటికి పడక దద్దుర్లు కలిగించును. అది జాతకదోషము గాదు, లోహదోషము. మంగళసూత్రమును తీయుటకు మనసొప్పనివారిని మేము నిర్బంధింపము. సాదా బంగారమునకు నీటివలన భయము లేదు గనుక వారి భావమునకును శాస్త్రమునకును ఇచ్చట తగవు లేదు. పసుపుత్రాడు గలవారు మాత్రము త్రాడును తఱచుగా మార్చుకొనుట చర్మమునకు మేలు.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. నగ తీసి పెట్టుటకు ఆమెకు తనదైన చోటు కావలెను. తన పేర బ్యాంకు పెట్టె, తన చేత తాళపుచెవి, తన వ్రాతలో పట్టిక – ఈ మూడును ఉన్న స్త్రీ నిర్భయముగా నగ తీసి స్నానము చేయగలదు. ఈ మూడును లేని స్త్రీకి ఎంత బంగారము పెట్టినను, అది ఆమెమీద మోపిన కుటుంబపు బరువే గాని ఆమె ధనము గాదు. కుమార్తె పెండ్లికి ఎన్ని తులములు పెట్టితిమని చెప్పుకొను తండ్రులు, ఆ తులముల లెక్క ఆమెచేత వ్రాయించితిమని చెప్పుకొను దినము వచ్చుగాక.